నాలుగవ పిన్ను

ఆశ్వయుజ బహుళపక్షమున నొకనాటి యపరాహ్ణము. ప్రాతఃకాలమునుండియు నీశాన్యదిశను గుమిగూడుచున్న కారుమొగుళ్లు మదపుటేనుగుల గుంపులవలె నొండొంటిని ద్రోచికొనుచు సముద్రముమీదనుండి నేలమీదికి వంగి వచ్చుచుండ సూర్యుడు గలడో లేడో తెలియరాని బూడిదవన్నె వెలుతురొకటి తీరమునంతయు నావరించియుండెను. ఇసుకతిన్నెలపై నారవేసిన వలలను జాలరుల యింటివారు చుట్టగట్టి లోనికి గొనిపోయిరి. ఎండుచేపలు పఱచెడి చాపలు గాలికెగసి సరుగుడుకొమ్మలలో జిక్కి చినిగిన తెరచాపలవలె గొట్టుకొనుచుండెను. గుక్కతిప్పుకొనని యా గాలిహోరులో గడలిఘోష యొకటియు నేటివఱద ఘోష యొకటియు వేర్వేఱుగా వినబడుచుండుటయే యా యూరివారి గుండెలను బిండివేయుచుండెను.

కొత్తమొగ యనునది యా యూరి పేరు. ఏఱు సముద్రములో గలియు చోటును అచ్చటి జాలరులు మొగ యందురు. ప్రశాంతసమయములందా మొగ తల్లి యొడివలె బడవలను లోనికి దీసికొని నిద్రపుచ్చును. ఏటికి వఱద వచ్చి కడలికి గాలి యెక్కిన దినమున మాత్రము లోనుండి నెట్టెడి మంచినీరును వెలినుండి నెట్టెడి యుప్పునీరును నడిమి యిసుకమేటపై బెనగులాడి తాటిప్రమాణపు కెరటములై నిలువున లేచును. అట్టి దినమున మొగలో జొచ్చి మరల నొడ్డు చేరిన పడవను జూచినవా రా యూర లేరు.

ఊరికి దూర్పున మిట్టమీద జాలరుల సంఘమువారు గట్టించిన యొంటిగది యొకటి కలదు. దాని మిద్దెపై నొక యినుపస్తంభమును లోపల నొక కంప్యూటరును నుండును. సెల్‌ఫోను మాటలందని నడికడలిలో దిరుగు పడవలన్నిటియందును దలకొక చిన్న పెట్టె యమర్పబడి యుండును. కంప్యూటరునుండి పంపిన నాలుగు ముక్కల వార్త యా పెట్టెల యద్దములపై నక్షరములై వెలుగును. పడవవారును అట్లే బదులు పంపుదురు. ఆ గదిలో గూర్చుండి వార్తల నంపు పని నూకరత్నమను నిల్లాలిది. ఆమెయు జాలరుల బిడ్డయే. పట్నమున డిగ్రీ చదివి యీ యూరికి గోడలై వచ్చినది. పెనిమిటి యెల్లాజీ తోడివారితో గూడ వేటకు బోయి రెండుమూడు దినములాయెను. ఎల్లాజీ తండ్రి తన బిడ్డడు నడక నేర్వకమున్నే యీ మొగయందే పడవ తిరుగబడి గతించెను. ఆ పడవనుండి ప్రాణములతో నొడ్డు చేరినవాడు గతించినవాని యన్న యసిరయ్య యొక్కడే. ముదిమిచే నడుము వంగిన యా యసిరయ్య గాలి లేచిన దినములయం దింట నుండజాలక ఫ్లాస్కునిండ టీ పోసికొని వచ్చి యా గది గడపయొద్ద గూర్చుండుట వాడుక. నాడును అట్లే కూర్చుండియుండెను.

మధ్యాహ్నము దాటినంతట వాతావరణశాఖనుండి హెచ్చరిక వచ్చెను. దూరముగా దొలగిపోవుననుకొన్న తుపాను త్రోవ మార్చుకొని బలసి తీరమువైపు దిరిగినదనియు బడవలు వెంటనే క్షేమమైన రేవులు చేరవలయుననియు దాని సారము. పడవలవారికి గాలిపోకడ తెలిసియే యుండును. తెలిసి యందఱును ఇంటిదారి పట్టియే యుందురు. ఇంటిదారి యనగా మొగ. ఉత్తరముగా గొండచాటున గొండరేవను లోతైన రేవు కలదు. అచ్చట నేఱును లేదు, వఱదయును లేదు. చీకటి పడకమున్నే వారి నటు మరలింపవలయును. నూకరత్న మాలసింపక "మొగలోకి ఎవరూ రావద్దు. వరద ఎక్కువగా ఉంది. అందరూ కొండరేవుకు పోండి" అని వ్రాసి పంపుటకు మీట నొక్కబోవునంతలో దెర నల్లబడెను.

"ఏటైనాది కోడలా?" అని యసిరయ్య తల యెత్తెను.

"ఆరిపోనాది పెదమావా. కరెంటు ఉంది, లైటు ఎలుగుతోంది. దీనికే ఏదో అయినాది."

"కబురెల్లిందా మరి?"

ఆమె తల యడ్డముగా నూపి మరల మీట నొక్కెను. ఫ్యాను తిరిగెను. తెర వెలిగెను. అక్షరములు నిలుకడగొనునంతలో మరల జీకటి. మూడవమాఱు నొక్కిన నంతకంటెను వేగముగా నాఱిపోయెను. సెల్‌ఫోను దీసి చూడగా గాలికి టవరు కూలెనో యేమో సిగ్నలు గుర్తు లేదు. బాగుచేయు మెకానిక్కు పట్నమున నున్నాడు. పట్నపుదారి వఱదనీటిలో మునిగియున్నది. తనకును సముద్రముమీది యా మనుష్యులకును నడుమ నీ మూగపెట్టె తప్ప వేఱొండు లేదని యామెకు దెలిసెను.

స్క్రూలు విప్పి పెట్టె ప్రక్కరేకు దీసెను. ప్రాసెసరనునది కంప్యూటరునకు మెదడువంటిది. మితిమీఱి వేడెక్కినచో దన్ను దాను కాల్చుకొనకుండ నాఱిపోవును. దాని నెత్తిపై నల్యూమినియపు రేకుల దిమ్మెయు దానిమీద జిన్న ఫ్యానును గల కూలరొకటి కూర్చుండి యా వేడిని బీల్చివేయుచుండును. ఆ కూలరు నాలుగు మూలలందును నాలుగు ప్లాస్టిక్ పిన్నులచే గ్రింది పలకకు బిగింపబడియుండును. ఆమె వ్రేలితో దాకినంతనే యొక మూల కుంటిమంచపు కోడువలె లేచి పడెను. ఆ మూలనున్న పిన్ను కాలు విఱిగియున్నది.

పోయిన వేసవిలో దుమ్ము దులుపవచ్చిన మెకానిక్కు చెప్పిన మాట యప్పు డామె చెవిలో మ్రోగెను. "మీరు మాత్రం వీటిని ముట్టుకోకండమ్మా. ఉప్పుగాలికి పెంకుల్లా అయిపోయాయి. ఒక్కటి విరిగిందా, ఇక కూలర్ నిలవదు" అని యతడు నవ్వుచునే చెప్పియుండెను. నాడామెయు నవ్వెను.

"నొక్కి పట్టుకుంటే సరిపోదా అమ్మీ?" అని దగ్గఱకు వచ్చిన యసిరయ్య యడిగెను.

అదియును జూచిరి. ముసలివాడు లేచిన మూలను బొటనవ్రేలితో నదిమి పట్టగా నామె మీట నొక్కెను. తెర వెలిగి మునుపటికన్న గొంత నిలిచెను. ఆశ గలిగెను. అంతలో నతని చేయి వడకెను, దిమ్మె యొఱగెను, యంత్రము గుటుక్కుమనెను. దిమ్మెకును ప్రాసెసరునకును నడుమ వేడి నందించుటకై పూసిన పేస్టు పొడిబాఱి బీటలు వాఱినదనియు నెంత నదిమినను వేడి పైకెక్కదనియు నామె గ్రహించెను. ఇక నాలుగు పిన్నులను విప్పవలయును; దిమ్మెను దీసి తుడిచి క్రొత్తపేస్టు పూసి మరల నాలుగింటిని బిగింపవలయును. విఱిగిన దానికి బదులు మఱియొకటి కావలయును. మెకానిక్కు విడిచిపోయిన పేస్టు గొట్టము సొరుగులో నున్నది. పిన్ను మాత్రము లేదు.

బీరువాలో బనికిరాక పడియున్న పాతకంప్యూటరొకటి స్ఫురణకు వచ్చెను. తెచ్చి విప్పి చూడ దైవికముగా నట్టి కూలరే దానియందును గలదు. ఆమె దాని నేలపై నుంచుకొని గూర్చుండెను. ఒక్కొక్క పిన్నునందును రెండేసి ముక్కలుండును: వెలుపల జీలినకాళ్ల తెల్లని తొడుగు, లోపల నల్లని కడ్డీ. కడ్డీ దిగినచో గాళ్లు విచ్చుకొని పలకను బట్టును. తలపై జెక్కిన బాణపుగుర్తు చూపు దిక్కునకు ద్రిప్పి పైకి లాగినచో గాళ్లు దగ్గఱయి పట్టు వదలును. ఆమె త్రిప్పి లాగెను. కడ్డీ వచ్చెను. కూలరు మూలనుండి తొడుగును వెలికి దీయుటకై కాళ్లను గోళ్లనడుమ నొక్కినంతనే "పటుక్" మని యొక కాలు గ్రుడ్డుపెంకువలె విఱిగి యెక్కడనో పడెను.

రెండవదియు నట్లే యాయెను. ఆ చిన్న చప్పుడు గాలిహోరును మించి యామె చెవుల బిడుగుపాటై వినబడెను. వాకిట వెలుతురప్పుడే మందగించుచుండెను. ఎక్కడనో యెల్లాజీ చుక్కాని బట్టి మొగవైపు మొగమై వచ్చుచుండును. ఇంటికి జేరువగుచున్నానని యతడు సంతసించుచుండును. ఆ సంతోషమును దలచినకొలది నామెకు భయ మధికమాయెను.

"నావల్ల కాదు పెదమావా. ముట్టుకుంటే ఇరిగిపోతన్నాయి."

అసిరయ్య యామె యెదుట జతికిలబడి "నాకూ బయ్యంగానే ఉందే అమ్మీ. అబద్దమెందుకు?" అనెను. "మీ మావ ఎల్లిపోయిన నాడు ఒడ్డునుంచి కేకేసేవోలు ఒక్కలు నేకపోయారు. కేకేసేదానివి నువ్వున్నావు. ఇరిగితే ఇరగనీ. ఇంకో రెండున్నాయి గదా."

ఆ మాటయందు ధైర్యము చెప్పుట లేదు. అయినను దన వెఱపును బంచుకొనుటకు వేఱొకరున్నారన్న యెఱుక యామె వ్రేళ్లకు గొంత కదలిక నిచ్చెను. ఆమె కప్పుడు దన కన్నతల్లి చలిదినములలో బిఱుసెక్కిన ప్లాస్టిక్ బెండులను వలకు గ్రుచ్చుటకు ముందు వేడినీట ముంచుట గుర్తునకు వచ్చెను. వేడి తగిలిన ప్లాస్టిక్ మెత్తబడును. ఆమె ఫ్లాస్కు మూత దీసి కొంగుచివరను వేడి టీలో దడిపి పిండి మూడవ పిన్ను చుట్టును జుట్టి గుప్పిట బట్టుకొనెను. వ్రేళ్లు చుఱచుఱ మండెను. వదలలేదు. వేడి చల్లాఱకమున్నే కడ్డీని లాగి కాళ్లను మెల్లమెల్లగా దగ్గఱకు నొక్కి తొడుగును పైకి ద్రోచెను. అది చెక్కుచెదరక వచ్చి యామె యఱచేత బడెను. నాలుగవ దానిని గూడ నట్లే తీయనెంచెను గాని దాని తల యొరగి కడ్డీయే లోపల విఱిగిపోయెను. చేత మిగిలినది యొక్కటి.

పనిచేయవలసిన కంప్యూటరును బ్రక్కకు బరుండబెట్టి తక్కిన మూడు పిన్నులను విప్పనారంభించెను. ఒక్కొక్క తలను ద్రిప్పునపుడు "ఇదియే విఱుగునేమో" యని కన్నులు మూసికొనుచు, విఱుగలేదని తెలిసి తెఱచుచు మూడింటిని దాటెను. విఱిగిన పిన్నును దీసివైచి యా ఱంధ్రమున దెచ్చిన తొడుగును దూర్చి కడ్డీ నుంచెను. ఎండిన పేస్టును బొడిగుడ్డతో దుడిచి పెసరగింజంత క్రొత్తపేస్టు పెట్టెను. నాలుగు తలలను వెనుకకు ద్రిప్పి కూలరును యథాస్థానమున నిలిపి యొక మూలను నొక్కెను. టక్కుమని కూర్చుండెను. దాని కెదురుమూలను నొక్కెను. కూర్చుండెను. మూడవదియు గూర్చుండెను.

నాలుగవది దిగలేదు.

నొక్కినకొలది బచ్చని పలక యెండిన తాటాకువలె వంగి కిఱకిఱలాడెను. ఆ పలక చిట్లెనా, యిక ముల్లోకములందును దానిని బాగుచేయువాడు లేడు. నొక్కక విడిచినచో గూలరు నిలువదు. ఆమె యఱచేయి యా నల్లనితలపై నుండగనే చెమట జాఱి కన్నులలో బడెను. గాలి యొక్కసారిగా దలుపును గోడకేసి కొట్టెను. ఆమె యులికిపడి చేయి దీసెను. పిదప జేయి పెట్టుటకు మనస్సు రాలేదు. ఎడమచేతితో గుడిచేతిని బట్టుకొని యట్లే చూచుచుండెను.

చూచుచుండగా గానవచ్చినది. తక్కిన మూడు మూలలందును దెల్లతొడుగు పలక నంటియున్నది. ఇచ్చట మాత్రము దానికిని బలకకును నడుమ సందు గలదు. తొందరలో నల్లకడ్డీని ముందే లోతుగా దింపుటచే గాళ్లు ఱంధ్రమునకు వెలుపలనే విచ్చుకొని యడ్డుపడుచున్నవి. ఇంకొక్కసారి బలముగా నొక్కియున్నచో విఱిగియుండెడివే. ఆమె కడ్డీని వెనుకకు లాగెను. తొడుగును మాత్రమే వ్రేలికొనతో నదిమెను. కాళ్లు దగ్గఱయి ఱంధ్రములో దిగి తొడుగు పలక నంటుకొనెను. అటుపిమ్మట "అమ్మా నూకాలమ్మా" యని గొణగికొని బొటనవ్రేలితో గడ్డీని నొక్కెను.

టక్కు.

ఆమె లేచి మీట నొక్కెను. తెర వెలిగెను.

"రెక్క తిరగనేదే!" అని యసిరయ్య యఱచెను.

ఫ్యాను తీగ తగిలించుట మఱచినది. కెవ్వుమని మీట నార్పి తీగ తగిలించి మరల నొక్కెను. ఫ్యాను తిరిగెను. తెర వెలిగెను. ఆఱునో యని యిరువురును రెప్పవాల్పక చూచిరి. ఆఱలేదు. ఆమె చేతులు వడకుచుండ నక్షరములు తప్పుగా బడుచు వచ్చెను; దిద్దికొని దిద్దికొని వార్త వ్రాసి పంపెను. పిదప రేకులదిమ్మె యంచున వ్రేలు నుంచి వేడి యెంత యున్నదో చూచుచు గూర్చుండెను. గోరువెచ్చగా నుండెను. ఆ గోరువెచ్చన హెచ్చునేమోయని మాటిమాటికిని దడవుచుండెను.

మొదటి బదులు వచ్చెను. బర్రి పోలయ్య పడవవారు "అందింది. తిరుగుతున్నాం" అనిరి. మఱికొంతసేపటికి వేఱొక పడవ. తరువాత నింకొకటి. ఎల్లాజీ పడవనుండి యేమియు రాలేదు. ఆమె యా పడవ కొక్కదానికే మరల బంపెను, మరల బంపెను. అంతలో నొక స్త్రీ తడిసి ముద్దయై గడపయొద్దకు బరుగెత్తి వచ్చి "ఒలమ్మో, మొగకాడ దీపం కనిపిస్తంది! ఎవులదో పడవ లోనికొచ్చేస్తంది!" అని కేకవైచి యట్లే తీరమునకు బరుగెత్తెను.

నూకరత్నము లేచెను. తలుపుదాక నడిచెను. అప్పుడే వెనుక దెరపై నొక పడవవారి ప్రశ్న వెలిగెను: "కొండరేవు దీపం కనిపించడం లేదు. రాళ్లు ఏ పక్క?" ఆమె తలుపును జూచెను. తెరను జూచెను. అచ్చట మొగలో మగడు మునుగుచుండవచ్చును. ఇచ్చట నితరుల మగలు రాళ్లకు గొట్టుకొనవచ్చును. ఆ క్షణమున నామె పడిన నరకమును వర్ణించుట కాడువారికైనను మాటలు చాలవు.

"నేనెళ్తాను. నువ్వు కదలకు" అని యసిరయ్య యామె భుజము నదిమి, వంగిన నడుముతోనే గాలిలోనికి దూసికొనిపోయెను.

ఆమె వెనుకకు వచ్చి కూర్చుండి, చెక్కిళ్లపై గన్నీరు గాఱుచుండగనే, "రాళ్లు దక్షిణం వైపు. కొండను ఆనుకొని ఉత్తరం పక్కగా రండి" అని వ్రాసెను. వారు మరల నడిగిరి. ఆమె మరల జెప్పెను. ఒక చేయి దిమ్మె యంచుననే యుండెను.

అసిరయ్య తిరిగివచ్చుసరికి జీకటి పడెను. అతని మొగమును జూచుటకు వెఱచి యామె తెరవైపే చూచుచుండెను. "పడవ కాదే అమ్మీ" యని యతడు గోడకానుకొని కూలబడెను. "మొగ దారి సూపడానికి నీటిమీద కట్టిన దీపపు బుడ్డి. గొలుసు తెంపుకొని కొట్టుకొస్తంది. మనుసులెవులూ నేరు."

అది పడవ కానంతమాత్రమున నెల్లాజీ క్షేమమని యర్థము గాదు. ఫ్యాను తిరుగుచుండెను. గాలి గదిని బెకలింపజూచుచుండెను. అట్లెంత కాలము గడచెనో. అప్పుడు పోలయ్య పడవనుండి వార్త వచ్చెను: "ఎల్లాజీ ఇంజను ఆగింది. పెట్టె తడిసింది. తాడు వేసి లాగుతున్నాం. అందరం కొండచాటుకు వచ్చేశాం. మొగవైపే పోతుండగా నీ కబురు చూసి తిరిగాం."

అసిరయ్యకు జదువు రాదు. "ఏటన్నారే?" అని యడిగెను. ఆమె చదువబోయి చదువలేక తల బల్లపై నానించి యేడ్చెను. ఆ యేడుపులోని తేడా నెఱిగిన ముసలివాడు మఱి యడుగలేదు. ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో బోసి యామె ముందు బెట్టెను.

తెల్లవాఱుసరికి గాలి తగ్గెను. జనులు తీరమునకు బోయిరి. ఆమెయు వారి వెనుక బోయెను. వఱద యింకను దిగలేదు. మొగనడుమ నెక్కడనో కూకటివ్రేళ్లతో బెకలివచ్చిన తాడిచెట్టొకటి కెరటములకు జిక్కియుండెను. కెరటము దానిని నిలువున నెత్తి మట్టతలతో నొక్క క్షణ మాకసమున నిలిపి యిసుకమేటపై గొట్టును, మరల నెత్తును, మరల గొట్టును. కొట్టినప్పుడెల్ల దానినుండి యొక చీలిక విడివడి కొట్టుకొనిపోవుచుండెను. ఊరివారందఱును జూచుచుండిరి.

భయపడినవారు పని చేయజాలరని లోకము చెప్పుచుండును. సముద్రముమీద బ్రదుకువా రెవ్వరు నామాట నమ్మరు. భయమును బ్రక్కన గూర్చుండబెట్టుకొనియే వారు తాడు ముడివేయుదురు, భయముతోడనే విప్పుదురు. తెల్లవాఱినను నూకరత్నము చేతుల వణకు తగ్గలేదు. ఆమె వానిని దాచుకొనను లేదు. తాడిచెట్టు చివరిసారి లేచి నడిమికి రెండుగా విఱిగి మునిగినప్పుడు, ప్రక్కన నిలిచిన యసిరయ్య చేతి నామె పట్టుకొనెను. అతని చేయియు వడకుచునే యుండెను.